ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్: రెండో ఆపరేటింగ్ సిస్టమ్ ఎవరికి అవసరం?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన సాధారణ భద్రతా అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. విండోస్ 11కు మారాలంటే ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే మేలుకోనిచ్చే సెక్యూర్ బూట్‌కు వీలుండాలి, ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ పైది కావాలి. ఈ షరతుల వల్ల, ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్న పాత యంత్రాలు ఎన్నో విండోస్ 10 దగ్గరే ఆగిపోయాయి. వాటి యజమానులకు తెలిసినవాళ్ల నుంచి తరచూ అందే సలహా "పక్కన లినక్స్ కూడా వేసుకో" అన్నది. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ మాట ఇంకా పాతది. ప్రోగ్రామింగ్ ల్యాబ్ మొదలైన కొద్ది రోజులకే ఎవరో ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు అనే లినక్స్ కూర్పును పట్టుకొస్తారు.

ఈ చర్చ చాలాసార్లు విండోస్ మంచిదా, లినక్స్ మంచిదా అన్న వాదంలోకి జారిపోయి, అసలు తేల్చుకోవలసిన విషయం మరుగున పడుతోంది. రెండూ ఒకే యంత్రంలో ఉన్నప్పుడు మన సుఖదుఃఖాలను నిర్ణయించేది ఒకదాని నుంచి మరొకదానికి మనం ఎన్నిసార్లు మారవలసి వస్తుంది, మారిన ప్రతిసారీ ఏమి చెల్లించుకోవలసి వస్తుంది అన్న లెక్కే. ఆ లెక్క అర్థం కావాలంటే ముందు యంత్రం లోపల ఏం జరుగుతుందో కొంత తెలియాలి.

రెండు ఉన్నా, ఒక సమయంలో నడిచేది ఒకటే

ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసర్, ర్యామ్, డిస్కు, తెర, కీబోర్డు వంటి భాగాలను ప్రోగ్రాములకు పంచిపెట్టి, వాటి మధ్య తగవు రాకుండా చూసే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్, మ్యాక్‌ఓఎస్, లినక్స్ ఈ కోవకు చెందినవి. నిజానికి లినక్స్ అన్నది 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నెల్ పేరు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి మూల భాగం పేరు. ఆ కెర్నెల్‌కు కావలసిన ప్రోగ్రాములన్నీ జతచేసి, వాడుకోవడానికి సిద్ధంగా ఇచ్చే కూర్పును డిస్ట్రో అంటారు. ఉబుంటు, లినక్స్ మింట్, ఫెడోరా అలాంటి డిస్ట్రోలే.

డిస్కును రెండు భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఉంచి, ల్యాప్‌టాప్‌ను ఆన్ చేసిన ప్రతిసారీ ఏది కావాలో ఎంచుకునే ఏర్పాటునే డ్యూయల్ బూట్ అంటారు. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది: రెండు సిస్టమ్‌లు వేస్తే ల్యాప్‌టాప్ నెమ్మదిస్తుందని. లినక్స్ నడుస్తున్నప్పుడు విండోస్ డిస్కులో ఫైళ్ల రూపంలో పడి ఉంటుందే తప్ప, ర్యామ్‌లో ఒక్క బైటు కూడా వాడుకోదు, ప్రాసెసర్‌ను తాకదు. కాబట్టి వేగం తగ్గదు. తగ్గేది డిస్కులోని చోటు మాత్రమే. ఇదే లక్షణానికి మరో వైపు కూడా ఉంది. లినక్స్‌లో పని చేస్తూ మధ్యలో విండోస్ ప్రోగ్రాము ఒకటి కావాలంటే తెరిచిన పనులన్నీ మూసేసి, యంత్రాన్ని రీస్టార్ట్ చేయాలి.

ఆపిల్ సొంత చిప్‌లతో వచ్చిన మ్యాక్‌ల సంగతి పూర్తిగా వేరు. విండోస్‌ను కూడా వేసుకోనిచ్చే బూట్ క్యాంప్ సౌకర్యం ఇంటెల్ మ్యాక్‌లలో ఉంది గానీ, వాటిలో లేదు. ఈ వ్యాసంలో చెప్పేదంతా విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లకు వర్తించేదే.

పవర్ బటన్ నొక్కాక మొదటి కొన్ని క్షణాల్లో

బటన్ నొక్కగానే మొదట మేలుకునేది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, మదర్‌బోర్డు మీదే ఉండే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాము. పాత యంత్రాల్లో దీన్ని బయోస్ అనేవారు. గత పదేళ్లకు పైగా వస్తున్న యంత్రాల్లో దాని స్థానంలో యూఈఎఫ్ఐ ఉంటుంది, అయినా అలవాటు కొద్దీ అందరూ బయోస్ అనే పిలుస్తారు. డిస్కులో ఈఎస్‌పీ అనే చిన్న విభాగం ఉంటుంది. విండోస్ దాన్ని సాధారణంగా 100 ఎంబీ పరిమాణంలో తయారుచేస్తుంది. విండోస్‌ను నిద్రలేపే బూట్‌లోడర్ అందులోనే ఉంటుంది. లినక్స్‌ను వేసినప్పుడు దాని బూట్‌లోడర్, అంటే చాలా డిస్ట్రోల్లో గ్రబ్ అనే ప్రోగ్రాము, అదే చిన్న విభాగంలోకి వచ్చి పక్కన చేరుతుంది. తర్వాత ల్యాప్‌టాప్ ఆన్ చేసినప్పుడు నల్లటి తెర మీద ఉబుంటు, విండోస్ అని కనిపించే జాబితా ఈ గ్రబ్ చూపించేదే.

డ్యూయల్ బూట్‌లో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుడతాయి. రెండు సిస్టమ్‌లకూ వేర్వేరు గదులు ఉన్నా గడప మాత్రం ఒక్కటే. ఆ గడపను తనకు అనువుగా సర్దుకునే అధికారం రెండింటికీ ఉంది. ఒకటి సర్దుకున్నది రెండోదానికి సరిపడకపోతే తలుపు తెరుచుకోదు. గదిలోని సామాను, అంటే మన ఫైళ్లు, చాలా సందర్భాల్లో భద్రంగానే ఉంటాయి. కానీ ఆ తెర ముందు కూర్చున్న మనిషికి ఆ సంగతి తెలియదు కాబట్టి, కంగారులో అంతా చెరిపేసి మళ్లీ వేయించుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. నిజమైన నష్టం చాలాసార్లు అలా జరుగుతుంది.

512 జీబీ డిస్కులో లినక్స్‌కు మిగిలేది ఎంత?

512 జీబీ అని కొన్న ఎస్ఎస్‌డీని విండోస్ దాదాపు 476 జీబీగా చూపిస్తుంది. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1024 చొప్పున లెక్కించడం వల్ల వచ్చే తేడా ఇది, ఎవరూ చోటు కాజేయలేదు. ఒక బీటెక్ విద్యార్థిని ల్యాప్‌టాప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. విండోస్, దాని ప్రోగ్రాములు కలిపి 120 జీబీ, ఫొటోలు, వీడియోలు, నోట్సు 90 జీబీ, రెండు పెద్ద గేములు 100 జీబీ అనుకుంటే మొత్తం 310 అయింది. విండోస్‌కు అప్‌డేట్‌లు దిగడానికి, తాత్కాలిక ఫైళ్లకు మరో 56 జీబీ ఖాళీగా ఉంచితే 366. మిగిలింది 110 జీబీ. లినక్స్ మింట్ తనకు కనీసం 20 జీబీ కావాలని, 100 జీబీ ఉంటే మేలని చెబుతుంది. ఉబుంటు డెస్క్‌టాప్ 25 జీబీ అడుగుతుంది. అంటే ఈ విద్యార్థినికి చోటు ఇబ్బంది లేదు.

అదే 256 జీబీ డిస్కు అయితే కనిపించేది 238. విండోస్‌కు 110, సొంత ఫైళ్లకు 70 పోగా 58 మిగులుతుంది. విండోస్ ఊపిరి పీల్చుకోవడానికి 30 వదిలితే లినక్స్‌కు దక్కేది 28. ఇన్‌స్టాల్ అయితే అవుతుంది గానీ, కొన్ని నెలలు అప్‌డేట్‌లు, ప్రోగ్రామింగ్ సామగ్రి పోగుపడగానే నిండిపోతుంది. అటు విండోస్, ఇటు లినక్స్ రెండూ చోటు చాలదని హెచ్చరిస్తుంటే ఏ ఒక్కదాంట్లోనూ పని సాగదు. 256 జీబీ డిస్కును రెండుగా పంచడం నా దృష్టిలో దాదాపు ఎప్పుడూ పొరపాటే.

లెక్క ప్రకారం ఖాళీ ఉన్నా విండోస్ అంతా వదులుకోదన్నది మరో సంగతి. డిస్కు మధ్యలో కదల్చలేని సిస్టమ్ ఫైళ్లు ఉంటే, 150 జీబీ ఖాళీ కనిపిస్తున్నా కుదించడానికి అందులో సగమే ఇవ్వజూపవచ్చు. ఫైళ్లు పంచుకోవడంలో కూడా రెండు వైపులా సమానమైన చూపు లేదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ విభాగాన్ని లినక్స్ చదవగలదు, అందులో రాయగలదు. లినక్స్ ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 విభాగాన్ని మాత్రం విండోస్ మామూలుగా తెరవలేదు. అందుకే రెండు వైపులా కావలసిన ఫైళ్లను ఎన్‌టీఎఫ్ఎస్ విభాగంలోనే ఉంచుకుంటారు.

షట్‌డౌన్ చేసినా పూర్తిగా నిద్రపోని విండోస్

ఇక్కడే మొదటి ప్రమాదం ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన కెర్నెల్ స్థితిని డిస్కులో దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే కొనసాగుతుంది. వేగంగా తెరుచుకోవడానికి ఇది మంచి ఉపాయమే. అయితే ఆ స్థితిలో డిస్కు విభాగం విండోస్ దృష్టిలో ఇంకా తెరిచే ఉన్నట్టు లెక్క. ఆ సమయంలో లినక్స్ వెళ్లి అక్కడ ఫైళ్లు రాస్తే, తర్వాత విండోస్ తన పాత జ్ఞాపకం ప్రకారం నడుచుకోవడం వల్ల ఫైళ్లు చెడిపోయే అవకాశం ఉంటుంది. అందుకే చాలా డిస్ట్రోలు అలాంటి విభాగాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తాయి లేదా అసలు తెరవవు. లినక్స్ పాడైపోయిందని జనం అనుకునే సందర్భాల్లో ఇది ఒకటి. అది నిజానికి మన ఫైళ్లను కాపాడుతోంది. షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ నొక్కితే విండోస్ పూర్తిగా మూసుకుంటుందన్న సంగతి తెలిస్తే సగం బెంగ తీరుతుంది. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేస్తే మిగతా సగం కూడా తీరుతుంది.

సాయంత్రం నాలుగు గంటలకు విండోస్ గడియారం ఉదయం 10:30 ఎందుకు చూపిస్తుంది?

ప్రమాదం లేకపోయినా అందరినీ కలవరపెట్టే చిక్కు ఇది. మదర్‌బోర్డు మీద ఉండే గడియారంలో స్థానిక సమయం ఉందని విండోస్ నమ్ముతుంది, అంతర్జాతీయ ప్రమాణ సమయం ఉందని లినక్స్ నమ్ముతుంది. భారత సమయం ఆ ప్రమాణానికి ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. సాయంత్రం 4 గంటలకు లినక్స్ ఆ గడియారంలో 10:30 అని రాస్తే, రీస్టార్ట్ చేసిన తర్వాత విండోస్ దాన్నే స్థానిక సమయంగా చదివి ఉదయం 10:30 అని చూపిస్తుంది. ఇంటర్నెట్‌తో సరిచూసుకునే దాకా ఆ తప్పు అలాగే ఉంటుంది. సమయం ఆధారంగా మారే లాగిన్ కోడ్‌లు ఆ కాసేపట్లో పనిచేయకపోవచ్చు. లినక్స్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే సమస్య శాశ్వతంగా పోతుంది.

తాళాలు, సంతకాలు: బిట్‌లాకర్, సెక్యూర్ బూట్

అన్నిటికన్నా జాగ్రత్తగా అర్థం చేసుకోవలసిన భాగం ఇది. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్కు గుప్తీకరణ (తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి సమాచారాన్ని మార్చడం) చాలాసార్లు తనంతట తానే మొదలవుతుంది. దీని వెనుక ఉన్నది బిట్‌లాకర్ సాంకేతికతే. తాళంచెవి టీపీఎంలో ఉంటుంది. యంత్రం ఎప్పటిలాగే అదే వరుసలో మేలుకుంటేనే టీపీఎం ఆ తాళంచెవిని విడుదల చేస్తుంది. గ్రబ్ వచ్చి మధ్యలో నిలబడినా, సెక్యూర్ బూట్ సెట్టింగ్ మార్చినా ఆ వరుస మారినట్టు దానికి తోస్తుంది. అప్పుడు విండోస్ నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపరిచి ఉంటుంది. ఆ ఖాతా ఎవరిదో, దాని పాస్‌వర్డ్ ఏమిటో తెలియకపోతే డిస్కులోని సమాచారం తిరిగి రాదు. ల్యాప్‌టాప్ కొన్న రోజున దుకాణంలోని అబ్బాయి తెరిచి ఇచ్చిన ఖాతాతోనే ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు మన మధ్య తక్కువేమీ కాదు. ఇంటి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ అందులోనే ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయం తెలియక వాటిని పోగొట్టుకోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. రెండో సిస్టమ్ వేసుకున్నా, వేసుకోకపోయినా ఆ 48 అంకెలు కాగితం మీద ఉండవలసినవే.

సెక్యూర్ బూట్ పని వేరు. మేలుకునే ప్రతి బూట్‌లోడర్ మీద ఫర్మ్‌వేర్‌కు నమ్మకమైన డిజిటల్ సంతకం ఉందా అని అది పరిశీలిస్తుంది. ఉబుంటు, ఫెడోరా వంటి డిస్ట్రోలు షిమ్ అనే చిన్న బూట్‌లోడర్‌కు మైక్రోసాఫ్ట్ చేత సంతకం చేయించుకుంటాయి కాబట్టి, వాటి కోసం సెక్యూర్ బూట్‌ను ఆపవలసిన పని లేదు. అయినా ఇబ్బందులు వచ్చిన ఉదాహరణ ఉంది. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ భద్రతా అప్‌డేట్, లోపాలున్న పాత లినక్స్ బూట్‌లోడర్లను నిలిపివేసే నియమాన్ని ఫర్మ్‌వేర్‌లో రాసింది. డ్యూయల్ బూట్ ఉన్న యంత్రాలకు అది వర్తించకుండా చూస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పినా, కొన్ని యంత్రాల్లో డ్యూయల్ బూట్ ఉందన్న సంగతిని అప్‌డేట్ గుర్తించలేకపోయింది. ఆ మర్నాడు లినక్స్ ఎంచుకున్నవారికి భద్రతా విధానం ఉల్లంఘన అనే సందేశం కనిపించి యంత్రం ఆగిపోయింది. సర్దుబాటు మార్గం కొద్ది రోజుల్లోనే చెప్పినా, పూర్తి పరిష్కారం 2025 మే నెల అప్‌డేట్‌లతో వచ్చింది. వినియోగదారు చేసిన తప్పు ఏమీ లేకుండానే గడప దగ్గర తగవు ఎలా వస్తుందో దీనికన్నా స్పష్టంగా చెప్పే సంఘటన లేదు. సెక్యూర్ బూట్ కోసం 2011లో జారీ అయిన ధ్రువపత్రాలకు 2026 జూన్ నుంచి వరుసగా గడువు తీరుతుంది. ఆ రోజుతో పాత బూట్‌లోడర్లు ఆగిపోవు గానీ, కొత్త సంతకాలను గుర్తించేలా ఫర్మ్‌వేర్‌ను అప్‌డేట్ చేసుకోవలసిన అవసరం డ్యూయల్ బూట్ వాడేవారికి మరికొంచెం ఎక్కువగా ఉంటుంది.

కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో మరో అడ్డంకి ఎదురవుతుంది. డిస్కును ఇంటెల్ సొంత నిర్వహణ పద్ధతి అయిన ఆర్ఎస్‌టీలో అమర్చి ఉంటే కొన్ని లినక్స్ ఇన్‌స్టాలర్లకు డిస్కే కనిపించదు. ఆ సెట్టింగ్‌ను ముందస్తు ఏర్పాటు లేకుండా ఫర్మ్‌వేర్‌లో మార్చేస్తే విండోస్ మేలుకోవడం మానేస్తుంది.

రీస్టార్ట్ అవసరం లేని దారులు

డ్యూయల్ బూట్‌కు ప్రత్యామ్నాయాలు పదేళ్ల కిందట ఇంత బలంగా లేవు. 2016లో విండోస్ 10లో, విండోస్ లోపలే లినక్స్ ప్రోగ్రాములను నడపనిచ్చే డబ్ల్యూఎస్ఎల్ అనే సౌకర్యం వచ్చింది. 2020లో వచ్చిన రెండో రూపంలో అసలైన లినక్స్ కెర్నెలే విండోస్ లోపల ఒక తేలికపాటి వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన నమూనా కంప్యూటర్‌లో నడుస్తుంది. కమాండ్ లైన్, పైథాన్, సి భాష కంపైలర్, వెబ్ సర్వర్ వంటి పనులకు ఇది చాలు. విండోస్ 11లో కిటికీలతో కూడిన లినక్స్ ప్రోగ్రాములు కూడా తెరుచుకుంటాయి. దానికి అయ్యే ఖర్చు ర్యామ్. మామూలు అమరికలో యంత్రంలోని ర్యామ్‌లో సగం వరకు అది వాడుకోవచ్చు. 16 జీబీ ఉన్నవారికి 8 మిగులుతుంది కనుక పని సాఫీగా సాగుతుంది. 8 జీబీ ఉన్నవారికి మిగిలేది 4, అందులో విండోస్‌కు, బ్రౌజర్‌కు సరిపెట్టడం కష్టం.

వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాముతో పూర్తి లినక్స్ డెస్క్‌టాప్‌ను ఒక కిటికీలో నడపడం రెండో దారి. దాని డిస్కు మొత్తం విండోస్‌లో ఒక ఫైలుగా ఉంటుంది కనుక, తప్పు జరిగితే ఆ ఒక్క ఫైలును చెరిపి మళ్లీ మొదలుపెట్టవచ్చు, గడపను ఎవరూ తాకరు. గ్రాఫిక్స్ చిప్‌ను పూర్తి శక్తితో వాడుకోవడం మాత్రం దీంట్లో కుదరదు. మూడోది లైవ్ పెన్‌డ్రైవ్. 8 జీబీ పెన్‌డ్రైవ్ నుంచి ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా లినక్స్‌ను నడిపి, వైఫై, ధ్వని, టచ్‌ప్యాడ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. ప్రత్యామ్నాయం అనడం కన్నా దీన్ని పరీక్ష అనడమే సబబు. ఏ నిర్ణయానికైనా ముందు ఈ పరీక్షకు ఒక సాయంత్రం కేటాయించడం వృథా పోదు.

చాలా ల్యాప్‌టాప్‌లలో రెండో ఎస్ఎస్‌డీ పెట్టుకునే ఖాళీ ఉంటుంది. లినక్స్‌ను ఆ రెండో డిస్కులో, దాని సొంత ఈఎస్‌పీతో వేస్తే గడపలు కూడా రెండవుతాయి. ఆన్ చేసేటప్పుడు ఎఫ్ 12 వంటి మీటతో డిస్కును ఎంచుకుంటే సరిపోతుంది. పైన చెప్పిన తగవుల్లో చాలా వాటికి అప్పుడు తావు ఉండదు. ఖర్చు భరించగలిగినవారికి డ్యూయల్ బూట్‌లో ఇదే ఉత్తమమైన రూపమని నేను భావిస్తాను.

రెండు పక్షాల వాదనలు

డ్యూయల్ బూట్ కాలం చెల్లిందనేవారి వాదనలో బలం ఉంది. రెండు సిస్టమ్‌లు ఉన్నాయంటే రెండింటికీ అప్‌డేట్‌లు ఇవ్వాలి, రెండింటిలోనూ ఖాతాలు, బ్రౌజర్, ప్రోగ్రాములు అమర్చుకోవాలి. ఒకసారి మారడానికి తెరిచినవన్నీ మూసి, రీస్టార్ట్ చేసి, లాగిన్ అయి, మళ్లీ అన్నీ తెరవడానికి 4 నిమిషాలు పడుతుందనుకుందాం. రోజుకు ఆరుసార్లు మారేవారికి 24 నిమిషాలు పోతాయి, నెలలో 25 పనిదినాలకు పది గంటలు. ఆ విసుగు భరించలేక కొన్ని వారాల తర్వాత ఏదో ఒక సిస్టమ్‌కే పరిమితమైపోతారు. రెండోది చోటు తింటూ, అప్‌డేట్‌లు లేకుండా పడి ఉంటుంది.

అవతలి పక్షం చెప్పేది కూడా నిజమే. వర్చువల్ మెషీన్‌లో లినక్స్‌ను చూడటం అతిథిగా వచ్చి వెళ్లడం లాంటిది. డ్రైవర్లు, విభాగాలు, గ్రాఫిక్స్ వంటి వాటితో నేరుగా వ్యవహరించినప్పుడే ఒక సిస్టమ్ స్వభావం తెలుస్తుంది. పైగా మారడంలోని ఆ ఇబ్బందే కొందరికి మేలు చేస్తుంది. లినక్స్‌లో చదువు, విండోస్‌లో ఆట అని విడదీసుకున్న విద్యార్థికి మధ్యలో ఉన్న రీస్టార్ట్ ఒక కంచెలా పనిచేస్తుంది. వారానికి రెండుసార్లే మారేవారికి పై లెక్క ప్రకారం నెలకు అరగంట మాత్రమే ఖర్చు. ఒకే లెక్క ఇద్దరికీ వేర్వేరు జవాబులు ఇస్తోంది కనుకనే ఈ వాదం తెగడం లేదు.

నలుగురు వినియోగదారులు, నాలుగు జవాబులు

మొదట చెప్పిన విద్యార్థిని సంగతి చూద్దాం. సి, పైథాన్, డేటాబేస్ ల్యాబ్‌లు మాత్రమే ఉన్నంత కాలం, 16 జీబీ ర్యామ్ ఉంటే ఆమెకు డబ్ల్యూఎస్ఎల్ సరిపోతుంది. మూడో సంవత్సరంలో రోబోటిక్స్ ప్రాజెక్టు తీసుకుంటే పరిస్థితి మారుతుంది. రోబోలకు వాడే ఆర్ఓఎస్ 2 సాఫ్ట్‌వేర్‌లో జాజీ అనే విడుదల ఉబుంటు 24.04ను ప్రధాన వేదికగా తీసుకుంటుంది. కెమెరాలు, సెన్సార్లు యూఎస్‌బీ ద్వారా నేరుగా అందాలి, గ్రాఫిక్స్ చిప్ పూర్తిగా కావాలి. అక్కడ డ్యూయల్ బూట్‌కు సరైన కారణం దొరుకుతుంది. పైగా ప్రాజెక్టు మీద కూర్చుంటే గంటల తరబడి లినక్స్‌లోనే ఉంటుంది కనుక మారడాలు తక్కువ.

ఆమె క్లాస్‌మేట్ వాలరెంట్ ఆడతాడనుకుందాం. ఆ గేములోని మోస నిరోధక వ్యవస్థ లినక్స్‌లో నడవదు, విండోస్ 11లో అది టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉండాలంటుంది. లినక్స్‌లో గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే ఎన్‌విడియా డ్రైవర్ వేసేటప్పుడు సెక్యూర్ బూట్ అడ్డుపడుతోందని ఎవరో చెబితే దాన్ని ఆపేశాడు. లినక్స్ బాగా నడిచింది, విండోస్‌లో ఆట ఆగిపోయింది. అతనికి తెలియని సంగతి, ఉబుంటు ఆ డ్రైవర్‌కు యంత్రంలోనే సంతకం చేసే వీలు కల్పిస్తుందని. ఇన్‌స్టాల్ సమయంలో ఒక పాస్‌వర్డ్ పెట్టి, రీస్టార్ట్ అయినప్పుడు వచ్చే నీలి తెర మీద అదే పాస్‌వర్డ్‌తో ఆ సంతకాన్ని నమోదు చేస్తే సెక్యూర్ బూట్ అలాగే ఉంటుంది. ఆ తెర అర్థం కాక చాలామంది దాన్ని దాటేస్తారు.

మూడో వ్యక్తి తెలుగు డీటీపీ చేసే ఆపరేటర్. పెళ్లి పత్రికలు, కరపత్రాలు ఇప్పటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారవుతున్నాయి. అవి అన్ని యంత్రాలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ ఫాంట్లు కావు, వాటి కీబోర్డు సాఫ్ట్‌వేర్ విండోస్ కోసమే తయారైంది. ఏళ్లుగా పోగుపడిన ఫైళ్లన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి. టాలీ మీద బతికే అకౌంటెంట్ పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే. ఇలాంటివారు లినక్స్ వేసుకుంటే రోజులో ప్రతి పనికీ వెనక్కి రావలసి వస్తుంది కనుక వారికి ప్రయోజనం కనిపించదు. యూనికోడ్ తెలుగులో రాసేవారికి మాత్రం లినక్స్‌లో లోటేమీ లేదు. ఇన్‌స్క్రిప్ట్, లిప్యంతరీకరణ కీబోర్డులు రెండూ ఉన్నాయి, ఒత్తులు, గుణింతాలు సరిగా వస్తాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో కూడిన లినక్స్ కూర్పునే తెచ్చింది.

చివరిది, ఈ చర్చను వార్తల్లోకి తెచ్చిన పాత విండోస్ 10 ల్యాప్‌టాప్. ఇంటెల్ 5వ తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్‌డిస్కు. "విండోస్‌కు భద్రత లేదు కాబట్టి పక్కన లినక్స్ వేద్దాం" అన్న ఆలోచనలో ఒక లోపం ఉంది. పక్కన లినక్స్ చేరినంత మాత్రాన విండోస్ 10కు అప్‌డేట్‌లు రావు. బ్యాంకు పని, మెయిల్ ఇంకా ఆ విండోస్‌లోనే చేస్తుంటే ప్రమాదం ఎక్కడిదక్కడే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వ్యక్తిగత వినియోగదారులకు ఇస్తున్న పొడిగింపులో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్‌లు వస్తాయి. ఆ లోగా రోజువారీ ఇంటర్నెట్ పనులన్నీ లినక్స్‌కు మార్చి, విండోస్‌ను ఏదో ఒక్క ప్రింటర్ కోసమో, పాత ప్రోగ్రాము కోసమో ఇంటర్నెట్ లేకుండా ఉంచుకోవాలని అనుకుంటే డ్యూయల్ బూట్‌కు అర్థం ఉంది. అలాంటి ప్రోగ్రాము ఏదీ లేకపోతే రెండు సిస్టమ్‌ల అవసరమే లేదు. ఫైళ్లకు నకలు తీసుకుని, హార్డ్‌డిస్కు స్థానంలో చిన్న ఎస్ఎస్‌డీ పెట్టి, ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో వచ్చే లినక్స్ మింట్‌ను ఒక్కదాన్నే వేస్తే ఆ యంత్రం మరికొన్నేళ్లు సేవ చేస్తుంది.

వద్దనుకున్నప్పుడు తీసేయడం

వేసుకోవడం గురించి చెప్పేవాళ్లు ఎందరో ఉన్నా తీసేయడం గురించి చెప్పేవాళ్లు అరుదు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి లినక్స్ విభాగాన్ని చెరిపేస్తే చోటు తిరిగి వస్తుంది గానీ, ఈఎస్‌పీలోని గ్రబ్ అలాగే మిగిలిపోతుంది. తర్వాత ఆన్ చేసినప్పుడు అది తన ఫైళ్ల కోసం వెతికి, దొరక్క నల్లటి తెర మీద గ్రబ్ అన్న పదంతో ఆగిపోతుంది. విండోస్ పోయిందని భయపడవలసిన పని లేదు. ఫర్మ్‌వేర్ జాబితాలో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి స్థానానికి తెస్తే ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. ఇంకో సంగతి, ఈఎక్స్‌టీ4 విభాగాన్ని విండోస్ చదవలేదు కనుక డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని ఫైల్ సిస్టమ్ పేరు లేని ఒక విభాగంగా మాత్రమే చూపిస్తుంది. అందులో నాలుగేళ్ల ప్రాజెక్టు ఫైళ్లు ఉన్నా, ఖాళీగా ఉన్నా, చెరిపే ముందు అది అడిగే ప్రశ్న ఒకేలా ఉంటుంది.